చప్పుడు తూచి కొన్న సైలెన్సర్

కారు కొనబోయేవాళ్లు మొదట అడిగేది 'లీటరుకి ఎంతిస్తుంది?' అని. రెండో ప్రశ్న డిక్కీలో ఎన్ని సూట్‌కేసులు పడతాయని. మూడోది రంగు గురించి. చప్పుడు ఎలా ఉంటుందని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా అసలు వినిపించకూడదన్న ఉద్దేశంతోనే అడుగుతారు. అదే బుల్లెట్ మోటార్‌సైకిల్ దగ్గరికొచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. బండి వీధి మలుపు తిరగకముందే ఎవరొస్తున్నారో ఇంట్లోవాళ్లకి తెలిసిపోవాలి! అంటే ఇంజిన్ చప్పుడు మీద మోజు ఎక్కడో దేశం కాని దేశంలో పుట్టిందేమీ కాదు. అది ఎవరి చెవిన పడుతోంది, ఎన్ని గంటలకు పడుతోంది అన్నదే అసలు పేచీ.

ఈ పేచీ ఇంగ్లాండ్‌లోని ఓ తెలుగింట్లో రెండు నెలలపాటు నడిచింది. ఆ ఇంటాయనది గుంటూరు. మిల్టన్ కీన్స్‌లో కంప్యూటర్ ఉద్యోగం. భార్య ప్రభుత్వ ఆసుపత్రిలో డాక్టరు. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలు. తొమ్మిదేళ్ల కూతురు. ఇంటి ముందు రెండు కార్లు. ఒకటి సంసారపక్షంగా స్కూలుకీ, కూరగాయలకీ తిరిగేది. రెండోది ఇరవయ్యేళ్లు పైబడిన మాజ్డా ఎమ్ఎక్స్-5. ఇద్దరే పట్టే చిన్న కారు. పైకప్పు మడిచేయొచ్చు. ముగ్గురున్న ఇంటికి ఇద్దరి కారేమిటని ఫోన్లో అడగని చుట్టం లేడు. 'రెండోవాళ్లు ఎవరైనా సరే, మూడోవాళ్లు ఎప్పుడూ నిద్రపోతుంటారు' అని ఆవిడ నవ్వేసేది.

ఈ కారుకి ఓ చరిత్ర ఉంది. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి జనానికి కనిపించింది. 2016 నాటికి పది లక్షల కార్లు తయారయ్యాయి. ఇద్దరు కూర్చునే స్పోర్ట్స్ కార్లలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైనదిగా గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. గొప్ప వేగమేమీ ఉండదు. అతని కారులో ఉన్నది 1.8 లీటర్ల ఇంజిన్, సుమారు 140 హార్స్ పవర్. ఈ రోజుల్లో పెద్ద సైజు ఫ్యామిలీ కార్లకే అంతకంటే ఎక్కువ ఉంటోంది. కానీ తేలికగా ఉంటుంది. స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే తిరుగుతుంది. అందుకే ట్రాక్ డేలకు వెళ్లేవాళ్లలో చాలామంది దీంతోనే మొదలుపెడతారు.

ట్రాక్ డే అంటే..?

పందెం కాదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్క ఉండదు. బహుమతులుండవు. రోజూ రోడ్డు మీద తిరిగే కారునే తీసుకెళ్లి, ఫీజు కట్టి, హెల్మెట్ పెట్టుకుని, రేసింగ్ ట్రాక్ మీద కొన్ని రౌండ్లు నడపడం. ముందున్న కారును దాటాలంటే అతను దారివ్వాలి. ఉదయాన్నే అందర్నీ కూర్చోబెట్టి ఏ జెండాకి ఏం చెయ్యాలో చెబుతారు. రోడ్డు మీద చేయకూడని వేగాన్ని, చేయదగిన చోట చేయడానికి ఇదో మార్గం. సాయంత్రం అదే కారులో ఇంటికొచ్చేయాలి. కాబట్టి ఆ కారు రోడ్డు చట్టాలన్నిటికీ కట్టుబడి ఉండాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. ట్రాక్‌కి ఒక నియమం, రోడ్డుకి ఒక నియమం, ఇంటికి ఇంకో నియమం. మూడింటికీ సరిపడే సైలెన్సర్ ఒక్కటే ఉండాలి.

అతను వెళ్లేది బెడ్‌ఫర్డ్ ఆటోడ్రోమ్‌కి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బాంబర్ విమానాలు ఎగిరిన థర్లీ ఎయిర్‌ఫీల్డ్ అది. మాజీ ఫార్ములా వన్ డ్రైవర్ జొనాథన్ పామర్ చొరవతో 1999లో కార్ల ట్రాక్‌గా మారింది. చుట్టూ పొలాలు, పల్లెలు. అందుకే అక్కడ చప్పుడు మీద పట్టింపు చాలా ఎక్కువ. కారు ఆగి ఉండగా కొలిస్తే 101 డెసిబెల్స్ దాటకూడదు. ట్రాక్ మీద పరుగెత్తుతుండగా పక్కనున్న మైక్రోఫోన్ కొలిస్తే 87.5 దాటకూడదు. దాటితే నల్లజెండా చూపించి పక్కకి పిలుస్తారు. చప్పుడు తగ్గించుకోలేకపోతే ఇంటికే. కట్టిన ఫీజు సాధారణంగా తిరిగి రాదు.

ఆగి ఉన్న కారుని కొలిచే పద్ధతి కూడా తమాషాగా ఉంటుంది. పొగగొట్టం మూతికి అరమీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో మైక్రోఫోన్ పట్టుకుంటారు. ఇంజిన్‌ని దాని గరిష్ఠ వేగంలో నాలుగింట మూడొంతులకి పెంచమంటారు. ఆ కారు పూర్తి శక్తినిచ్చేది 6,500 ఆర్‌పీఎం దగ్గర. ఆ లెక్కన సుమారు 4,900 దగ్గర నిలబెట్టాలి. ఆరుబయట చదువుల పరీక్షలా ఒక్కొక్కరూ వరసలో నిలబడి, మీటరులో అంకె చూసుకుని, ఊపిరి పీల్చుకుని ముందుకెళ్తారు.

అంత పట్టింపు ఎందుకంటే..?

డెసిబెల్ లెక్క మామూలు లెక్క కాదు. 100 తర్వాత 103 అంటే మూడు శాతం పెరిగినట్టు అనిపిస్తుంది. నిజానికి మూడు డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపైనట్టు. పది పెరిగితే చెవికి రెండింతలు గట్టిగా వినిపిస్తుంది. కాబట్టి 'రెండు, మూడు అంకెలే కదా సర్దుకోండి' అని బతిమాలడం అక్కడ చెల్లదు.

పట్టింపుకి కోర్టులు కూడా కారణమే. ఉత్తర యార్క్‌షైర్‌లోని క్రాఫ్ట్ సర్క్యూట్ మోత భరించలేక పక్కింటివాళ్లు కోర్టుకెళ్లారు. 2009లో అప్పీల్ కోర్టు బాగా మోతగా ఉండే రోజులు ఏడాదికి 40కి మించకూడదని ఆంక్ష పెట్టింది. సఫోక్ కౌంటీలో ఇంకో జంట 2006లో మోటార్ రేసులు జరిగే స్టేడియం దగ్గర్లో ఇల్లు కొనుక్కుంది. 'మేం ముందునుంచీ ఉన్నాం, మీరే మా దగ్గరికొచ్చారు' అన్నది స్టేడియం వాళ్ల వాదన. అంతమాత్రాన తప్పించుకోలేరని 2014లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది. ఒక్క మోత కారు వల్ల ఒక ఫిర్యాదు, పది ఫిర్యాదుల వల్ల ఒక కేసు, ఒక కేసు వల్ల ట్రాక్‌కే తాళం... ఈ వరస తెలిసినవాళ్లు కాబట్టే నిర్వాహకులు మీటరు చేతిలో పట్టుకుని నిలబడతారు.

పాతది పాడైంది

ఇంతకీ కొత్త సైలెన్సర్ అవసరం ఎందుకొచ్చిందంటే, పాతది లోపల్నుంచి తుప్పుపట్టింది. సైలెన్సర్‌కి తుప్పు బయట వానవల్లే వస్తుందనుకుంటాం. అసలు శత్రువు లోపలే ఉంటుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు లీటరు నీళ్లు పుడతాయి. ఆవిరిగా పొగతోపాటు బయటికి పోతాయి. దూరం నడిపితే గొట్టం వేడెక్కి ఆ తేమంతా ఆరిపోతుంది. స్కూలు దాకా, అంగడి దాకా తిప్పి ఆపేస్తే మాత్రం నీళ్లు సైలెన్సర్ అడుగున నిలిచిపోతాయి. వాటికి పొగలోని ఆమ్లం తోడవుతుంది. పైనుంచి బ్రిటన్ చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు. లోపల నీళ్లు, బయట ఉప్పు. ఊరగాయ పెట్టినట్టే!

బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కారుకి ఏటా ఎమ్ఓటీ అనే తనిఖీ తప్పదు. సైలెన్సర్‌లోంచి పొగ బాగా కారుతోందంటే అక్కడ పాసవ్వదు. గడువు ఇంకా రెండు నెలలుంది. అతను ఓ కాగితం తీసుకుని నాలుగు గడులు గీశాడు.

మొదటి గడిలో కంపెనీ సైలెన్సర్. నిశ్శబ్దంగా ఉంటుంది. ఏ తనిఖీలోనూ పేచీ ఉండదు. కానీ బరువు, ధర రెండూ ఎక్కువ. రెండో గడిలో అదే కొలతల్లో వేరేవాళ్లు చేసే చవక రకం. మామూలు ఇనుము మీద అల్యూమినియం పూత. ఉప్పు రోడ్ల మీద ఎక్కువ కాలం నిలవదు. మూడో గడిలో స్టెయిన్‌లెస్ స్టీలు స్పోర్ట్స్ రకం. కొన్ని వందల పౌండ్లు. తేలిక. చప్పుడు మాత్రం తయారుచేసినవాడి ఇష్టం. నాలుగోది వర్క్‌షాపులో కారుని పైకెత్తి, కొలతలు తీసి, గొట్టం వంచి, వెల్డింగ్ చేసి ఇచ్చేది. టైలర్ దగ్గర చొక్కా కుట్టించుకున్నట్టన్నమాట.

అతని మనసు మూడో గడి మీదే ఉంది. తోటి ట్రాక్ మిత్రుడొకడు అలాంటిదే బిగించుకున్నాడు. చిన్న డబ్బా, సూటి గొట్టం. యాక్సిలేటర్ తొక్కితే ఒళ్లు పులకరించే చప్పుడు. ఆగి ఉండగా కొలిస్తే 99. అంటే 101కి రెండు తక్కువే కదా!

సరిగ్గా అప్పుడే గుంటూరు నుంచి అతని తండ్రి దిగాడు.

తాతయ్య తీర్పు

ఆయన ముప్ఫై ఏళ్లు స్పిన్నింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. నూలు వడికే యంత్రాల మధ్య షిఫ్టు షిఫ్టంతా నిలబడేవాడు. చెవులకి దూది కూడా పెట్టుకోని రోజులవి. ఇప్పుడు ఆయనకి ఎదురుగా నిలబడి మాట్లాడితేనే వినబడుతుంది. అదీ మగవాళ్ల గొంతయితేనే. మనవరాలి సన్నని గొంతు అస్సలు అందదు. ఆ పిల్ల 'తాతయ్యా' అని వెనకనుంచి ఎన్నిసార్లు పిలిచినా పలకడు. ముందు అలిగింది. తర్వాత ఆయన చొక్కా పట్టుకుని లాగడం నేర్చుకుంది.

మోత వల్ల వచ్చే చెవుడు ఇలాగే ఉంటుంది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టుకునే సన్నని వెంట్రుకల్లాంటి కణాలుంటాయి. అవి ఒకసారి చస్తే మనిషికి మళ్లీ మొలవవు. ముందు పోయేవి సన్నని స్వరాలు. పక్షి కూతలు, పిల్లల మాటలు, 'స', 'ష' లాంటి అక్షరాలు. లావు స్వరాలు చాలాకాలం మిగిలే ఉంటాయి. అందుకే అలాంటివాళ్లు 'వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు' అంటుంటారు. రోజుకి ఎనిమిది గంటలు 85 డెసిబెల్స్‌లో ఉంటే చెవికి ముప్పు మొదలవుతుందని ఆరోగ్య నిపుణులు చెబుతారు. పైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతూ వస్తుంది. 88 అయితే నాలుగు గంటలు. 91 అయితే రెండు. 100కి చేరితే పావుగంటే.

'ఒరే, చప్పుడు పెంచే డబ్బాకి అన్ని వందల పౌండ్లా? మా మిల్లులో ఉచితంగా ఇచ్చేవాళ్లురా' అన్నాడు ఆ పెద్దాయన, కాగితం మీద గడులన్నీ చూసి. నవ్వుతూనే అన్నాడు. కొడుకు మాత్రం నవ్వలేకపోయాడు.

'పెంచడానికి కాదు నాన్నా, పాతది పాడైంది.'

'పాడైతే పాతలాంటిదే పెట్టుకో. లేదూ, నీకు ఆ మోతే కావాలంటే అదీ చెప్పు. నాకు కోపమేం లేదు. నువ్వు ఏడాదికి నాలుగుసార్లు సరదాగా వెళ్తావు. కానీ నీ చెవులకేం కడతావు? పక్కనుండే పిల్ల చెవులకేం కడతావు?'

కోడలు కల్పించుకుంది. 'అడగండి మావయ్య గారూ! నేను నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకునేసరికి ఈయన ట్రాక్‌కి బయల్దేరతారు. పక్కింటి పెద్దావిడ భర్తకి ఒంట్లో బాగోదు. వాళ్ల కిటికీ మన కారుకి పది అడుగుల దూరంలో ఉంది.'

ఆ వారాంతంలో మిత్రుడి కారు అడిగి తెచ్చాడు. తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని మోటార్‌వే ఎక్కాడు. ఊళ్లో ఉన్నంతసేపూ చప్పుడు బాగానే ఉంది. హైవే మీద గంటకి 70 మైళ్ల దగ్గర కుదురుకున్నాక పెద్దాయన మొహం మారింది. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. కొడుకు కంగారుపడి పక్కకి తీసి ఆపాడు.

'నాకేం కాలేదు. ఆ గూ... అనే మోత ఉంది చూశావా, అది అచ్చం మా రింగ్‌ఫ్రేముల సెక్షన్‌లో మోతేరా. చెవిలో కాదు, ఛాతీలో వినపడుతుంది. పది నిమిషాలు బాగానే ఉంటుంది. పది గంటలు ఉంటే తెలుస్తుంది' అన్నాడాయన.

కొడుకు చెవికి అది 'స్పోర్టీ'గా వినపడింది. తండ్రికి సన్నని స్వరాలు పోయి లావువి మాత్రమే మిగలడంతో, అందులోని అసలు దోషం ఆయనకే స్పష్టంగా తెలిసింది.

మోత మర్మం

ఆ గూ... శబ్దానికి లెక్క ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కసారి తిరిగితే రెండు పేలుళ్లు జరుగుతాయి. నిమిషానికి 3,500 సార్లు తిరుగుతుంటే సెకనుకి దాదాపు 117 పేలుళ్లు. తంబురా లావు తీగ మోగినట్టు ఒకే స్వరం ఆగకుండా వస్తుంది. మోటార్‌వే మీద ఈ కారు ఇంచుమించు అదే వేగంలో గంటలకొద్దీ తిరుగుతుంది. కారు గది కూడా అదే స్వరానికి కలిసి మోగిందా, ఇక తలనొప్పే.

సైలెన్సర్ చప్పుడుని తగ్గించే దారులు ముఖ్యంగా మూడు. ఒకటి, చిల్లుల గొట్టం చుట్టూ వేడికి తట్టుకునే ఉన్నిలాంటి పదార్థం కూరడం. శబ్దం అందులో దూరి కొద్దిపాటి వేడిగా మారి చచ్చిపోతుంది. స్పోర్ట్స్ రకాలు ఎక్కువగా ఇవే. పొగకి అడ్డు తక్కువ. కానీ ఇది సన్నని స్వరాలని బాగా మింగుతుంది, లావు స్వరాలని వదిలేస్తుంది. పైగా ఆ ఉన్ని ఏటా కాస్త కాలి, కాస్త ఎగిరిపోతుంది. ఈ ఏడు 99 పలికిన డబ్బా రెండేళ్లకి 101 దాటొచ్చు.

రెండోది, డబ్బాని గదులుగా విడగొట్టి పొగని మలుపులు తిప్పడం. ఒక అల వెనక్కి తిరిగి ఇంకో అలని కొట్టేస్తుంది. కంపెనీ సైలెన్సర్లలో జరిగేది ఇదే. లావు స్వరాలు బాగా తగ్గుతాయి. బరువు, పొగకి అడ్డు పెరుగుతాయి.

మూడోది అన్నిటికంటే చమత్కారం. ఖాళీ సోడా సీసా మూతి మీద ఊదితే ఒకే ఒక స్వరం వస్తుంది కదా! అలాంటి మూసిన గొట్టాన్ని సరైన కొలతతో పొగగొట్టం పక్కన అతికిస్తే, సరిగ్గా ఆ ఒక్క స్వరాన్నే అది మింగేస్తుంది. దీన్ని రెజొనేటర్ అంటారు. 117 దగ్గర గూ... అంటోందా, ఆ స్వరానికి తగ్గ రెజొనేటర్ పెడితే చాలు.

గొట్టం వెడల్పు విషయంలోనూ ఓ భ్రమ ఉంది. ఎంత లావైతే అంత శక్తి అనుకుంటారు. తోటకి నీళ్లు పట్టే గొట్టం చివర వేలు పెట్టి నొక్కితే ధార దూరం పోతుంది. వేలు తీస్తే దగ్గరే పడుతుంది. పొగ కూడా అంతే. ఒక సిలిండర్ నుంచి వేగంగా వెళ్లే పొగ తన వెనక ఖాళీని మిగిల్చి తర్వాతి పొగని లాక్కుంటుంది. గొట్టం మరీ లావైతే వేగం పడిపోయి ఆ లాగుడు తగ్గుతుంది. ఇలాంటి చిన్న ఇంజిన్‌లో వెనకున్న డబ్బా ఒక్కటీ మార్చినందుకు పెరిగే శక్తి నామమాత్రం. పెరిగినట్టు అనిపించేది చెవికే.

చట్టం ఏమంటుంది?

రోడ్డు చట్టంలో రెండు గట్టి గీతలున్నాయి. బ్రిటన్ 1986 నిబంధనల్లో 54వది, సైలెన్సర్‌ని చప్పుడు పెరిగేలా మార్చకూడదంటుంది. రెండోది క్యాటలిటిక్ కన్వర్టర్. ప్లాటినం, పెలేడియం, రోడియంలాంటి ఖరీదైన లోహాలతో విషవాయువుల్ని శుభ్రం చేసే భాగమది. ట్రాక్‌కి వెళ్లేవాళ్లలో కొందరు దాన్ని పీకేసి సూటి గొట్టం పెట్టి, తనిఖీ నాడు మళ్లీ బిగిస్తారు. మొదట్లో ఉన్న కన్వర్టర్ లేదని తెలిస్తే ఎమ్ఓటీ ఫెయిల్. లేకుండా రోడ్డెక్కడమే నేరం. పైగా అదీ కొంత చప్పుడు మింగుతుంది కాబట్టి, తీసేస్తే ట్రాక్ మీటరు ముందు కూడా ఇబ్బందే. అతను దాని జోలికి వెళ్లలేదు. బీమా కంపెనీకి మార్పు సంగతి ముందే చెప్పాలి. చెప్పకపోతే ప్రమాదం జరిగిన రోజున ఇచ్చేది చెయ్యి. ట్రాక్ మీద జరిగేవాటికి మామూలు బీమా సాధారణంగా వర్తించదు. దానికి వేరేది తీసుకోవాలి.

ఈ విషయంలో ఇండియా కూడా చూసీచూడనట్టు లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారికే మూడు నెలల వరకు జైలు లేదా పదివేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసులు మోత సైలెన్సర్లని నడిరోడ్డు మీద పరిచి రోడ్డురోలర్‌తో తొక్కించిన ఫోటోలు పత్రికల్లో చాలామంది చూసే ఉంటారు.

నాలుగో గడి

చివరికి అతను ఎంచుకున్నది నాలుగో గడి. కన్వర్టర్ అలాగే ఉంటుంది. గొట్టం వెడల్పు కంపెనీదానికంటే కాస్త మాత్రమే ఎక్కువ. వెనక డబ్బా స్థలం పట్టినంత పెద్దది. మధ్యలో ఓ రెజొనేటర్. లోహం 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు. పద్దెనిమిది శాతం క్రోమియం, ఎనిమిది శాతం నికెల్ ఉండే ఈ రకాన్నే మంచి వంటింటి గిన్నెలకీ వాడతారు. చవకరకం 409కి అయస్కాంతం గట్టిగా అంటుకుంటుంది. దీనికి అంటుకోదు. వర్క్‌షాపుకి వెళ్లిన రోజున మనవరాలు ఫ్రిజ్ మీదున్న అయస్కాంతం బొమ్మ పట్టుకొచ్చి ఆ గొట్టమంతా పరీక్ష చేసింది. తాతయ్య పక్కన నిలబడి తలూపాడు. వెల్డింగ్ చేసేవాడికి ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు దొరికారు.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి ఇంకా ఉన్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలు వేడెక్కితే మామూలు ఇనుము కంటే ఎక్కువ సాగుతుంది. అందుకే రబ్బరు పట్టీల మీద వేలాడేలా కట్టాలి. బంపర్‌కి తగలకుండా చుట్టూ ఖాళీ ఉండాలి. స్పీడ్ బ్రేకర్‌కి డబ్బా తగలకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఉన్ని పాతబడినా పరిమితి దాటకుండా మొదట్లోనే నాలుగైదు డెసిబెల్స్ చేతిలో ఉంచుకోవాలి. ఆగి ఉన్నప్పుడు కొలిచేది ఉత్త ఇంజిన్‌ని. పరుగులో కొలిచేది బరువు లాగుతున్న ఇంజిన్‌ని. మొదటిదాంట్లో పాసై రెండోదాంట్లో నల్లజెండా చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. గాలి మైక్రోఫోన్ వైపు వీచినా అంకె మారిపోతుంది. 99కి, 101కి మధ్య దూరం కాగితం మీదే తప్ప ట్రాక్ మీద ఉండదు.

నిజమే, మిత్రుడి కారులోని ఆ పులకరింత ఇందులో లేదు. కొంత బరువు తగ్గింది, కొంత ఆశ తగ్గింది. యాక్సిలేటర్ పూర్తిగా తొక్కితే మాత్రం గొంతు సవరించుకున్న పెద్దమనిషిలా ఓ గంభీరమైన స్వరం వస్తుంది. వదిలేస్తే సద్దుమణుగుతుంది. మోటార్‌వే మీద మరోసారి తండ్రిని కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. 70 మైళ్ల దగ్గర ఆయన చెయ్యి గుండె మీదికి వెళ్లలేదు. కాసేపటికి కునుకు తీశాడు. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏముంటుంది!

బెడ్‌ఫర్డ్‌లో ఆ నెల ట్రాక్ డే వచ్చింది. ఆగి ఉండగా మీటరు 94 చూపించింది. పరుగులో ఒక్కసారి కూడా నల్లజెండా రాలేదు. సాయంత్రం దాకా ఎన్ని రౌండ్లు కావాలంటే అన్ని తిరిగాడు. కంచె అవతల పెద్దాయన, పక్కన మనవరాలు. ఇద్దరి చెవులకీ మఫ్‌లు. పోయిన వినికిడి తిరిగి రాదని ఆయనకి తెలుసు. అయినా పెట్టుకున్నాడు, తాను పెట్టుకుంటేనే ఆ పిల్ల కూడా పెట్టుకుంటానందని.

ఆ రోజు తెల్లవారుజామున కారు ఎప్పుడు కదిలిందో ఆవిడకి తెలియదు. డ్యూటీ నుంచి వచ్చి పడుకున్న మనిషి మధ్యాహ్నం లేచి, ఇంట్లో ఎవరూ లేకపోవడం చూసి, కిటికీలోంచి చూస్తేగానీ కారు లేదని తెలుసుకోలేదు. పక్కింటి కిటికీ తెర ఇంకా వేసే ఉంది.